హైదరాబాదు సీమలో గణితవిద్య – భాషల గడపలు

కళాశాలలో గణితశాస్త్రము నభ్యసించుట కొందరి తలలకే సాధ్యమనియు, తక్కినవారు పదవ తరగతితోనే దానికి నమస్కరించి తొలగుట మేలనియు మన యిండ్లలో ఒక యభిప్రాయము స్థిరపడియున్నది. పిల్లవాడు లెక్కలలో వెనుకబడినచో "వాని బుర్ర కెక్కదు" అని తండ్రియు, ఆడపిల్ల వెనుకబడినచో "దాని కెందుకు లెండి" అని మేనమామయు తీర్పు చెప్పుదురు. ఈ తీర్పు సరియైనదా కాదా యని వాదముచేత తేల్చుట కష్టము. చరిత్రచేత కొంతవరకు తేల్పవచ్చును. ఏలయన మన హైదరాబాదు సీమయందు ఉన్నతగణితమును ఏ భాషలో, ఎవరికి, ఎట్లు చెప్పవలెనను ఏర్పాటు ఒక్క శతాబ్దములోనే పలుమారులు మారినది. మారినప్పుడెల్ల, గణితము రాదనిపించుకొన్నవారిలో కొందరికి వచ్చినది. వచ్చుననిపించుకొన్నవారిలో కొందరికి రాకపోయినది. తలలు మాత్రము అవియే.

మేము పాఠములు చెప్పుచున్న జహీరాబాదు ఈ పరిశీలనమునకు తగినచోటు. ఈ యూరు 1956 వరకు హైదరాబాదు రాష్ట్రమున బీదరు జిల్లాలోనిది. రాష్ట్రముల పునర్విభజనమున మెదకు జిల్లాలో చేరి, 2016 నుండి సంగారెడ్డి జిల్లాలో నున్నది. అంగడివీధిలో ఒక గడియ నిలుచున్నచో అల్లపుబస్తాల బేరము తెలుగులో మొదలై, ఉర్దూలో సాగి, కన్నడమున ముగియుట వినవచ్చును. మరాఠీయు దూరము కాదు. ఇట్టి యూరి తరగతిగదిలో నలువదిమంది పిల్లలు కూర్చున్నచో వారందరికి ఇంటిభాష యొక్కటి కాదు. పుస్తకపుభాష వారిలో చాలమందికి ఇంటిభాష కానే కాదు.

ఇచటినుండి నైరృతిదిశగా పటముమీద గీత గీచినచో, వంద కిలోమీటర్లు నిండకముందే మాల్ఖేడు తగులును. నేడది కలబురగి జిల్లాలోని చిన్నయూరు. తొమ్మిదవ శతాబ్దమున రాష్ట్రకూటుల రాజధానియైన మాన్యఖేటము. అమోఘవర్ష నృపతుంగుని కాలమున, క్రీ. శ. 850 ప్రాంతమున, మహావీరాచార్యుడను జైనపండితుడు గణితసారసంగ్రహమను సంస్కృతగ్రంథమును రచించి, అందు ఆ రాజును కొనియాడెను. అంతకు పూర్వము ఆర్యభటుడును బ్రహ్మగుప్తుడును గణితమును జ్యోతిస్సిద్ధాంతములలో కొన్ని యధ్యాయములుగా మాత్రమే వ్రాసిరి. మహావీరుడు దానిని వేరుచేసి గణితమునకే యొక గ్రంథమును సమకూర్చెను. గ్రంథారంభమున గణితమును ప్రశంసించుచు, గ్రహగతులకే గాక సంగీతమునకు, నాట్యమునకు, వంటకు, వైద్యమునకు, గృహనిర్మాణమునకు సైతము అదియే ఆధారమని యెన్నెను. వంటయిల్లును గణితమునకు చోటని తొమ్మిదవ శతాబ్దమునందే ఒక పండితు డొప్పుకొన్నాడన్నమాట. ఈ గ్రంథమును 1912లో మద్రాసున రంగాచార్యులవారు ఆంగ్లానువాదముతో ప్రకటించిన పిమ్మట పాశ్చాత్యులును దీనిని గుర్తించిరి.

తెలుగువారు మాత్రము అంతవరకు వేచియుండలేదు. రాజరాజనరేంద్రుని కాలమువాడని సాధారణముగా చెప్పబడు పావులూరి మల్లన, పదునొకండవ శతాబ్దమున ఆ గ్రంథమును తెనిగించెను. తెలుగున శాస్త్రగ్రంథములలో ఇది మొదటి వరుసలోనిది. మల్లన చేసినది మాటకు మాట పెట్టిన యనువాదము కాదు. మూలమునందలి జైనసంబంధములైన యుదాహరణములను తొలగించి, తన చదువరులెరిగిన శైవవిషయములతో లెక్కలు కట్టెను. మతాభిమానమే దీనికి కారణమని కొందరందురు. అదియు కొంత నిజమే కావచ్చును. మేమైతే ఇందొక యుపాధ్యాయుని తెలివిని గూడ చూచుచున్నాము. లెక్కయందలి యెత్తు మార్చలేదు. లెక్కలో తిరుగు మనుష్యులను మార్చెను. మెట్టు తగ్గించుట వేరు, మెట్టునకు చేపట్టు కట్టుట వేరు. నేడు కళాశాలలలో వెనుకబడినవారికని ఏర్పాటుచేయు తరగతులలో చాలభాగము మొదటిదానినే చేయుచున్నవి.

అట్లని ఆ కాలమంతయు స్వర్ణయుగమనుకొనరాదు. మల్లన పద్యములలో వ్రాసినది అక్షరజ్ఞానము గలవారికే; ఆ యక్షరమెవరికి దక్కినదో చెప్పనక్కరలేదు. అతనికి ఒక శతాబ్దము తరువాత, 1150లో, భాస్కరాచార్యుడు లీలావతిని రచించెను. అందు లెక్కలు పలుచోట్ల ఒక బాలికను సంబోధించి అడుగబడినవి. ఎనిమిదివందల యేండ్లకు పైగా ఆ పుస్తకమును ఎక్కువగా బాలురే చదివిరి. ప్రశ్న బాలికకు, పలక బాలునకు!

తరువాతి శతాబ్దములలో ఉన్నతగణితము సంస్కృతపండితుల యిండ్లలోను, ఎక్కములును వడ్డిలెక్కలును వీథిబడులలోను వేరువేరుగా బ్రదికినవి. ఆ రెంటి నడుమ నిచ్చెన లేదు. పందొమ్మిదవ శతాబ్దమున ఆ నిచ్చెన నొక దేశభాషలో వేయజూచినవారిలో ఢిల్లీ కళాశాల యుపాధ్యాయుడు రామచంద్రుని ముందు చెప్పవలెను. ఆ కళాశాలలో పాశ్చాత్యశాస్త్రములను ఉర్దూలో బోధించుచుండిరి. ఒక రాశియొక్క గరిష్ఠ కనిష్ఠ విలువలను కలనగణితముతో పనిలేకుండ, బీజగణితముచేతనే సాధించు పద్ధతిని కనుగొని, రామచంద్రుడు దానిని 1850లో కలకత్తాలో అచ్చువేయించెను. ఆంగ్లగణితవేత్త డీమోర్గన్ దానిని మెచ్చి 1859లో లండనులో మరల ప్రకటింపజేసెను. దేశభాషలో గణితము చెప్పినవాడు లండను దృష్టిని గూడ ఆకర్షింపగలిగెనన్నది ఆ కాలమున చిన్న సంగతి కాదు.

ఇక మన సీమకు వత్తము. 1906లో హైదరాబాదున కొమఱ్ఱాజు లక్ష్మణరావుగారు మొదలగువారు విజ్ఞానచంద్రికా మండలిని స్థాపించి చరిత్రమును, ప్రకృతిశాస్త్రములను తెలుగు వచనమున ప్రకటింపసాగిరి. అది ప్రజల యుద్యమము. ప్రభుత్వమువారు చేసిన ప్రయోగము వేరు. అది మిక్కిలి పెద్దది. 1917లో నిజాముగారి ఫర్మానా వెలువడి, 1918లో ఉస్మానియా విశ్వవిద్యాలయమేర్పడి, 1919లో పాఠములు మొదలైనవి. పట్టపరీక్షవరకు సకలశాస్త్రములను ఉర్దూలో బోధింతురు. ఇంగ్లీషు ఒక నిర్బంధవిషయముగా నుండును. భారతదేశమున ఒక విశ్వవిద్యాలయము దేశభాషను బోధనభాషగా గైకొనుట ఇదియే మొదలు. పుస్తకములు లేవుగదా యని యాగలేదు. మౌలవీ అబ్దుల్ హఖ్‌గారు తొలినాళ్ల పెద్దగా అనువాదశాల నెలకొల్పబడి, గణితము, భౌతికము, వైద్యము, ధర్మశాస్త్రము వరుసగా ఉర్దూలోనికి వచ్చెను. పారిభాషికపదములు వేలకొలది పుట్టెను. త్రిభుజము ముసల్లస్ అయ్యెను. కలనగణితము ఎహ్సా అయ్యెను.

ఈ ప్రయోగమును మనలో కొందరు తేలికగా తీసివేయుదురు. అది న్యాయము కాదు. విదేశభాష లేనిదే ఉన్నతగణితము తలకెక్కదను వాదమును ఉస్మానియా ముప్పది యేండ్లలో ఖండించినది. ఆ విశ్వవిద్యాలయపు తొలినాళ్ల పట్టభద్రుడు రజీయుద్దీన్ సిద్దీఖీ ఉర్దూలో చదివిన గణితముతోనే కేంబ్రిడ్జికి పోయి, పిమ్మట లైప్‌సిగ్ నగరమున హైసెన్‌బర్గువద్ద పరిశోధనచేసి పట్టము పొంది, తిరిగివచ్చి ఉస్మానియాలోనే గణితాచార్యుడయ్యెను. చదువు ఉర్దూలోనైనంతమాత్రమున అతడు వెనుకబడలేదు.

అయినను ఆ ద్వారము ఎవరివైపు తెరువబడినదో చూడవలెను. అప్పటి హైదరాబాదు రాష్ట్రప్రజలలో సుమారు సగముమంది తెలుగువారు. మరాఠీ కన్నడములు మాట్లాడువారు మరి మూడవవంతునకు మించి యుందురు. ఉర్దూ ఇంటిభాషగా గలవారు పదింట ఒకవంతు ప్రాంతము. కాబట్టి ప్రజలలో అధికభాగమునకు ఇంగ్లీషునకు బదులు మరియొక పరభాష వచ్చినదే గాని తమ భాష రాలేదు. ఇంకొక సంగతి చదువరులు తరచుగా మరతురు. జహీరాబాదువంటి యూళ్లలో పేద మహమ్మదీయకుటుంబముల భాష దక్ఖనీ. అరబ్బీ ధాతువులనుండి తీసిన ఎహ్సా యను మాట ఆ యింటిబాలునకు ఎంత క్రొత్తదో, చాకలి యెల్లయ్య కొడుకునకును అంతియే క్రొత్తది. రాజభాషకును ఇంటిభాషకును నడుమ నున్న దూరము మతమునుబట్టి కొలువరాదు.

ఈ యన్యాయమును గుర్తించి చెప్పినవారు మన పొరుగుననే యున్నారు. 1930లో జోగిపేటలో సురవరము ప్రతాపరెడ్డిగారి యధ్యక్షతను నిజామురాష్ట్ర ఆంధ్రమహాసభ తొలిసారి సమావేశమయ్యెను. నేడా యూరును మా జిల్లాలోనిదే. మాతృభాషలో విద్య, స్త్రీవిద్య, గ్రంథాలయములు ఆ మహాసభల కోరికలలో ముఖ్యములు. ఉన్నతవిద్యనుగూర్చి చెప్పవలెనన్నచో, స్త్రీలకు హైదరాబాదున 1924 నుండి ప్రత్యేకకళాశాల యుండెను గాని, ఒక తెలుగుపల్లె బాలిక అచటి గణితతరగతికి చేరుటకు దాటవలసిన గడపలు ఎన్నియో లెక్కింపుడు: బడి, ఊరు, ఉర్దూ, ఇంగ్లీషు, పెండ్లి.

1948 సెప్టెంబరులో పోలీసుచర్య జరిగెను. విశ్వవిద్యాలయమున ఉర్దూ పోయి ఇంగ్లీషు వచ్చెను. అనువాదశాల పుస్తకములు అలమారలలో నిలిచిపోయెను. ముప్పది యేండ్లు ఉర్దూలో గణితము చెప్పి జుట్టు నెరసిన యుపాధ్యాయులు మరల తొలిపాఠము దిద్దుకొనవలసివచ్చెను. ఉర్దూతో సగముదూరము వచ్చిన విద్యార్థుల గతి యేమాయెనో చరిత్రకారులు చాలినంతగా వ్రాయలేదు. పాతగడపను తీసివేయుటలో సంతోషించినవారమే గాని, దానిమీద అడుగుపెట్టియున్నవారిని చూచినవారము కాము.

ఇరువదియేండ్లకు, 1968లో, పి. వి. నరసింహారావుగారు తొలి అధ్యక్షులుగా తెలుగు అకాడమీ ఏర్పడి, కళాశాలవిద్యకు తెలుగుపుస్తకములు సిద్ధముచేయుటకు పూనుకొనెను. ఎట్టకేలకు మన పిల్లలు కలనగణితమును తెలుగులో చదివిరి. వేలమందికి దీనివలన మేలు కలిగెను. పల్లెలనుండి వచ్చిన తొలితరపు పట్టభద్రులలో ఈ పుస్తకములే దిక్కైనవారు మా స్నేహితులలో ఎందరో యున్నారు. కాని ఇచటను ఉస్మానియా కథయే కొంత తిరిగి జరిగినది. అకాడమీ పండితులు అవకలనము, సమాకలనము, అవిచ్ఛిన్నత అను పదములను కూర్చిరి. సంస్కృతము చదివినవారమగుటచే మాకవి ముచ్చటగానే యుండును. ఉపసర్గను ధాతువునుండి విడదీసి చూచినచో అర్థము దానంతట అదియే తెలియును. కోహీరునుండి బస్సులో వచ్చు విద్యార్థికి ఆ సౌఖ్యము లేదు. అతనికి ఎహ్సాయు అవకలనమును రెండును ఒకే దూరమున నున్నవి.

ఒక్క పదమును చూపెదము. ఒక రాశి మరియొకదానిపై ఆధారపడి మారు సంబంధమునకు తెలుగున ప్రమేయమని పేరుపెట్టిరి. హిందీ గణితమున ప్రమేయమనగా సిద్ధాంతము. తర్కశాస్త్రమున ప్రమేయమనగా తెలియదగిన వస్తువు. మన వీధిలోనో, "ఇందులో నా ప్రమేయము లేదు" అందురు. పాపము, ఆ విద్యార్థి మొదటిదినమున ఏ ప్రమేయమును గ్రహించునో! దీనికి విరుద్ధముగా, హద్దునకు పెట్టిన అవధి యను పేరు మంచిది; చెప్పకముందే సగము బోధపడును. భాష తెలుగైనంతనే పని ముగియదు. ఆ తెలుగు ఎవరి తెలుగో గూడ అడుగవలెను.

ఇంతవరకు భాషను గూర్చి చెప్పితిమి. భాషతో పనిలేని గడపలును గలవు. మచిలీపట్టణ ప్రాంతమున 1991లో పుట్టుకతో అంధుడుగా జన్మించిన బొల్లా శ్రీకాంతు, హైదరాబాదున అంధులపాఠశాలలో చదివి పదవ తరగతి చక్కగా నుత్తీర్ణుడయ్యెను. గణితశాస్త్రములుండు శాఖలో ఇంటర్మీడియెటు చదువ గోరగా, పటములును రేఖాచిత్రములును అంధులకు సాధ్యముకావని నిబంధన అడ్డువచ్చెను. అతడును అతని యుపాధ్యాయులును న్యాయస్థానమున కెక్కిరి. నెలలతరబడి వ్యాజ్యము నడచిన పిదప అనుమతి వచ్చెను. పుస్తకములను ధ్వనిరూపమున చదివించుకొని నూటికి 98 మార్కులతో నుత్తీర్ణుడై, 2009లో అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతికవిద్యాలయమున చేరెను. ఇచట మారినది అతని చూపు కాదు, బుద్ధియు కాదు. పుస్తకము కంటినుండి చెవికి మారినది, అంతియే. ఆ యొక్క మార్పునకు న్యాయస్థానమువరకు పోవలసివచ్చెను.

భాషయు పుస్తకమును ఒక్కటియే యైనప్పుడు గూడ కొందరు వెనుకబడుటకు కారణమేమి? దీనికి అమెరికాలోని బర్క్‌లీ విశ్వవిద్యాలయమున ఒక పరిశోధకుడు చేసిన పని మిక్కిలి వెలుగు చూపును. 1970 దశాబ్దము చివర యూరీ ట్రీస్మన్ అను నతడు, తొలియేటి కలనగణితమున నల్లజాతి విద్యార్థులు అధికముగా తప్పుచుండుట చూచి కారణము విచారించెను. ఆసక్తి లేదనిరి, పునాది లేదనిరి, ఇంట ప్రోత్సాహము లేదనిరి, పేదరికమనిరి. పరిశీలింపగా ఏదియు నిలువలేదు. అంతట నతడు ఇరువదిమంది నల్లజాతి విద్యార్థులను, ఇరువదిమంది చీనాసంతతి విద్యార్థులను దగ్గరనుండి గమనించెను. చీనావారు తరగతి ముగిసిన పిమ్మట గుంపుగా కూర్చుండి, ఒకరి లెక్క నొకరు దిద్దుకొని, తమ తప్పు తమదొక్కరిదియా అందరిదియా యని తెలిసికొనుచుండిరి. నల్లజాతివారు శ్రద్ధగానే, కాని ఒంటరిగా చదువుచుండిరి. ట్రీస్మన్ వారికి సులభపాఠములు పెట్టలేదు. మరింత కఠినమైన లెక్కలిచ్చి గుంపులుగా కూర్చుండబెట్టెను. ఫలితములు స్పష్టముగా మారెను. 1992లో అతడు ప్రకటించిన వ్యాసమును గణితోపాధ్యాయులు నేటికిని చదువుచున్నారు. మల్లన మెట్టు తగ్గింపలేదని పైన చెప్పితిమి; ట్రీస్మనును తగ్గింపలేదు.

మేము డిగ్రీ చదివిన కళాశాల పేరు చెప్పనేల? అచట తెలుగుబడులనుండి వచ్చినవారము వెనుకబల్లలమీద కూర్చుండెడివారము. ఉపాధ్యాయుడు నల్లబల్లను నింపి, తుడిచి, మరల నింపి పోవుచుండెను. ప్రశ్న యడుగుటకు ఇంగ్లీషు వాక్యమును మనస్సులో కూర్చుకొనులోపల గంట మ్రోగెడిది. సాయంకాలము హాస్టలు మెట్లమీద కూర్చుండి ఒకరికొకరము తెలుగులో చెప్పుకొన్నదే మాకు నిలిచినది. ట్రీస్మన్ పేరు అప్పటికి మేమెరుగము.

ఆ మెట్లమీది పద్ధతిని తరగతిలోనికి తేవచ్చునని మా యనుభవము. ఒక యుదాహరణము. కళాశాలలో అనంతశ్రేణి యను పేరు వినగానే పిల్లలు వెనుకకు తగ్గుదురు. మన కరణముల లెక్కలలో నాలుగింట ఒకపాలు కాలు, దానిలో నాలుగవపాలు వీసము, దానిలో నాలుగవపాలు కాని. ఒకటికి పదహారింట ఒకటి వీసము, అరువదినాలుగింట ఒకటి కాని యగును. ముగ్గురన్నదమ్ములు ఒక చెలకను పంచుకొనవలెను. మూడవవంతునకు ఈ లెక్కలో పేరు లేదు. నాలుగు పాళ్లు చేసి తలకొక కాలు ఇచ్చినచో ఒక కాలు మిగులును. దానిని నాలుగు చేసి తలకొక వీసమిచ్చినచో ఒక వీసము మిగులును. దానిని నాలుగు చేసి తలకొక కాని యిచ్చినచో ఒక కాని మిగులును. అప్పటికి ఒక్కొక్కనికి చేరినది అరువదినాలుగింట ఇరువదియొకటి. మూడవవంతునకు నూటతొంబదిరెండింట ఒకటి మాత్రమే తక్కువ. పంచుకొలది మిగులునది నాలుగింతలుగా తరుగుచుండును. ముగ్గురికి మాత్రము ఎప్పుడును సమానమే. కాలు, వీసము, కాని, ఇట్లు అంతములేక కూడినచో మూడవవంతు అగును. గుంపులుగా కూర్చుండబెట్టి ఈ పంపకము చేయించినప్పుడు, "ఎప్పటికైన అయిపోవునా, సారూ?" అని యొకరైన అడుగకమానరు. ఆ ప్రశ్నయే అవధి పాఠము. ఇంగ్లీషుపేరు, సంకేతములు, నిర్వచనము దాని వెనుక వచ్చినచో ఎవరును జడియరు.

ఇది ఇంగ్లీషును ద్వేషించుమాట కాదు. జహీరాబాదు తల్లిదండ్రులు పిల్లలకు ఇంగ్లీషు కావలెనని పట్టుబట్టుటలో తెలివితక్కువ ఏమియు లేదు. ఏ భాష ఉద్యోగమిచ్చునో వారికి మనకంటె బాగుగా తెలియును. ఆంధ్రప్రదేశమున 2021-22 నుండి డిగ్రీ కళాశాలలన్నిటను ఇంగ్లీషే బోధనభాషగా ఏర్పాటుచేసిరి. తెలంగాణమున 2022-23 నుండి ప్రభుత్వపాఠశాలలలో ఒకటినుండి ఎనిమిదవ తరగతివరకు ఇంగ్లీషుబోధన ప్రవేశపెట్టిరి. అయితే ఇచట ఒక మంచిపని జరిగినది: పాఠ్యపుస్తకములను రెండుభాషలలో, ఒక పుటలో తెలుగు, ఎదురుపుటలో ఇంగ్లీషు ఉండునట్లు అచ్చువేసిరి. ఉస్మానియావారికి గాని, అకాడమీవారికి గాని తట్టని సంగతి ఇది. వెనుకటి ఏర్పాటులన్నియు ఒక భాషను తీసి మరియొక భాషను పెట్టినవే. ఇచట పిల్ల ఒక కన్ను ఇటు, ఒక కన్ను అటు వేసి, తనకు తెలిసినదానినుండి తెలియనిదానికి తానే నడుచును. ఇంట ఉర్దూయో కన్నడమో మాట్లాడు పిల్లకు ఈ తెలుగుపుట యంతగా అక్కరకు రాదన్నది గూడ నిజమే. ఆ పుట అందరిదియు కాలేదు.

ఈ పుస్తకములతో చదివిన పిల్లలు కొద్దియేండ్లలో డిగ్రీ తరగతులకు వత్తురు. అట్లు ఎదురెదురు పుటలలో అచ్చైన కలనగణితపుస్తకమును మేమింకను చూడలేదు.